చిన్న మ్యూజియము - వస్తువుల పట్టిక

ఘనపూర్ అనగానే ఏ ఘనపూర్ అని అడుగవలసి యుండును. జనగామ జిల్లాలో రైలుమార్గముపై స్టేషన్ ఘనపూర్ కలదు. వనపర్తి జిల్లాలో కొండకోట గల ఖిల్లా ఘనపూర్ కలదు. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్ళు వెలసిన ఘనపూర్ కలదు. ఈ కడపటి ఊరినే గణపురమని వ్రాయువారును, ఘనపురమని వ్రాయువారును, ఘన్‌పూర్ అని వ్రాయువారును ఉన్నారు. 2016 అక్టోబరు 11వ తేదీ వరకు అది వరంగల్లు జిల్లాలోని ఊరు. ఆనాటినుండి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. దానికి చేరువనున్న పాలంపేట, అనగా రామప్పగుడి గల ఊరు, అదే దినమున అదే క్రొత్త జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడగా అందులోనికి మారినది. ఒక శిలకు 'ఘనపూర్, వరంగల్లు జిల్లా' అని మాత్రమే చీటీ కట్టి యుంచినచో, ఏబది యేండ్ల తరువాత చదువువాడు ఎక్కడ వెదకవలెను? నేటి ప్రసంగవిషయము ఈ చిన్న ప్రశ్నలోనే ఇమిడియున్నది.

కోటగుళ్ళను చూచినవారికి ఆ ఆవరణము గుర్తుండును. కాకతీయ గణపతిదేవుని కాలమున, అనగా క్రీ.శ. 1199 నుండి 1262 వరకు జరిగిన పాలనలో, ఆ ఊరికి వైభవము కలిగినది. గణపేశ్వరాలయము నడుమ నుండగా, చుట్టును ఇరువదికి పైగా చిన్న గుడులు ప్రాకారములో కొలువుదీరియున్నవి. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపించిన రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. కోటగుళ్ళకు అంతటి కీర్తి లేదు గాని, మదనికలును, ఏనుగుపై నిలిచిన గజకేసరి మూర్తులును అచ్చటను కలవు. ఇట్టి ఊళ్ళలో పాఠశాలవారో, గ్రామస్థులో కలసి ఒక చిన్న మ్యూజియము పెట్టవలెనని తలంచుట సహజము. రక్షిత స్థలములోని శిల్పములు ప్రభుత్వ పురావస్తుశాఖవి. వానిని ఎవరును కదలింపరాదు. భూమిలో దొరికిన నిధినిగూర్చి కలెక్టరునకు తెలుపవలెను. కాని ఊరివారి ఇండ్లలో మ్యూజియమునకు తగిన వస్తువులు వేరుగా నెన్నియో కలవు: ఇసుర్రాయి, కందిలి, మానిక, సోల, తవ్వ కొలపాత్రలు, ఉస్మానియా సిక్కాలు, తాటాకు ప్రతులు, పెంబర్తి ఇత్తడి పనులు, చేర్యాల నకాషీ పటములు, ఒగ్గువారి డోళ్ళు, మగ్గపు పనిముట్లు. మున్నూరు నాన్నూరు వస్తువులు చేరుటకు రెండు మూడేండ్లు చాలును.

వస్తువులు చేరుట కష్టము కాదు. చేరిన వస్తువు ఏదో, ఎవరిదో, ఎక్కడ నున్నదో చెప్పగలుగుట కష్టము. ఇచ్చినవారు జీవించియున్నంత కాలము ఆ జ్ఞానము వారి నోట నుండును. తరువాత ఆ మానిక ఏ ఇంటిదో, ఆ డోలు ఏ పండుగలో మ్రోగినదో చెప్పువారుండరు. వస్తువు మిగులును, దాని కథ పోవును. కథ పోయిన వస్తువునకును పాతసామానుల అంగడిలోని వస్తువునకును భేదము లేదు.

ఇంతకంటె పెద్ద నష్టము దొంగతనము. ఆంధ్రప్రదేశ్‌లో గుండ్లకమ్మ ఒడ్డున చందవరమను బౌద్ధస్థలము కలదు. అచ్చటినుండి అపహరింపబడిన సున్నపురాతి ఫలకమొకటి, బుద్ధుని ఆరాధకులను చూపునది, సముద్రములు దాటి 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయి, 2016లో భారతదేశమునకు తిరిగి వచ్చినది. తమిళనాడులోని శ్రీపురంతాన్ గుడి నటరాజమూర్తి 2008లో అదే చిత్రశాలకు చేరి 2014లో మరలివచ్చినది. ఆ నటరాజు మనదేనని నిరూపించుటకు ముఖ్యాధారమైనది, పూర్వము విగ్రహము గుడిలో నుండగా తీసిన ఛాయాచిత్రము. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు దానిని భద్రపరచి యుంచిరి. ఛాయాచిత్రము లేని విగ్రహము పోయినచో, 'మా గుడిలో ఇట్టి విగ్రహముండెను' అను వృద్ధుల మాట విదేశ న్యాయస్థానమున ఎంతవరకు చెల్లును? పట్టికయు, పటమును లేనిచో మనవస్తువు మనదని చెప్పుకొను శక్తియే మనకు లేకపోవును.

తెలంగాణములో పహాణీ అనుమాట ఎరుగనివారు లేరు. ఏ సర్వే నంబరు భూమి ఎవరి పేర నున్నది, ఎవరి సాగులో నున్నది అని ఏటేట వ్రాసిన పత్రమది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూవివాదములలో తీసి చూచుచున్నారు. మ్యూజియమునకు కావలసినది అట్టి పహాణీయే: ప్రతివస్తువునకు ఒక నంబరు, అది ఏది, ఎవరినుండి ఎట్లు వచ్చినది, నేడు ఏ బీరువాలో ఏ అరలో నున్నది, ఎప్పుడు ఎవరు కదలించిరి. ఈ పనికి కంప్యూటరు లేకపోయినను జరుగును. గట్టి అట్టగల రిజిస్టరు చాలును. కాని రిజిస్టరు ఒకచోటనే ఉండును, చెదలు పట్టును, అందులో ఛాయాచిత్రము ఇమడదు, 'ఇత్తడి వస్తువులన్నియు చూపుము' అని అడిగినచో పుటలన్నియు త్రిప్పవలెను. కావుననే సాఫ్ట్‌వేరు ప్రస్తావన వచ్చుచున్నది.

ఓపెన్ సోర్సు అనగా నేమి? పూర్వము గ్రామలెక్కలు పట్వారీ ఇంటి పెట్టెలో నుండెడివి. భూమి రైతుదే, కాని దానిగూర్చిన వ్రాత పట్వారీ చేతిలోనిది. పెట్టె తెరచుటయు, మూయుటయు ఆయన దయ. కొనుగోలు సాఫ్ట్‌వేరులలో పెక్కింటి స్థితి అట్టిదే. వస్తువులు మనవి, మనము కూర్చుండి ఎక్కించిన వివరములు మనవి. కాని వానిని దాచిన పద్ధతి కంపెనీకి మాత్రమే తెలిసిన రహస్యము. ఏటేట చందా చెల్లింపనినాడు, లేదా కంపెనీ మూతపడినాడు, పెట్టె తాళము తెరుచుకొనదు. ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరులో ఆ వ్రాతపద్ధతి అందరికిని బహిరంగము. దానిని ఎవరైనను చదువవచ్చును, తమకు తగినట్లు మార్చుకొనవచ్చును, మరియొకరికి ఇయ్యవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ ఆరంభించిన ఉద్యమము దీనికి పునాది. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ ఆ భావమునే తెలుగునేలపై ప్రచారము చేయుచున్నది. 2015లో భారత ప్రభుత్వము తన కార్యాలయములలో ఇట్టి సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమియ్యవలెనని విధానము ప్రకటించినది. గ్రంథాలయములవారు ఈ మార్గమున ముందే నడచిరి. న్యూజిలాండులో పుట్టిన కోహా అను సాఫ్ట్‌వేరు నేడు మన కళాశాలల గ్రంథాలయములలో అనేకములందు పనిచేయుచున్నది.

ఐనను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఉచితమన్నమాట వినగానే ఖర్చు లేదని భ్రమపడరాదు. దూడను ఎవరైన ఉచితముగా ఇయ్యవచ్చును, మేత ఉచితముగా రాదు. సాఫ్ట్‌వేరునకు వెల లేదు గాని, కంప్యూటరు కావలెను, దానిని అమర్చువారు కావలెను, కాలానుగుణముగా క్రొత్తకూర్పులు ఎక్కించువారు కావలెను, అన్నింటికంటె ముందు ప్రతివస్తువును కొలిచి, చూచి, వ్రాయు ఓపికగలవారు కావలెను. ఈ ఖర్చు లెక్కింపక ఆరంభించిన పని మొదటి సంవత్సరము ఉత్సాహముగా సాగి, రెండవ సంవత్సరము ఆగిపోవును.

ఇక ఎన్నిక విషయము. సాలార్‌జంగ్ మ్యూజియమువంటి జాతీయసంస్థలకొఱకు పూణేలోని సీ-డాక్ సంస్థ జతన్ అను సాఫ్ట్‌వేరును నిర్మించినది. కేంద్ర సాంస్కృతిక శాఖ దానిని తన మ్యూజియములలో ప్రవేశపెట్టినది. పెద్ద సంస్థలకు ఆ మార్గము సరియే. ఊరివారు స్వయముగా నడుపుకొను చిన్న మ్యూజియమునకు ఓపెన్ సోర్సులో ముఖ్యముగా మూడు పేర్లు వినవచ్చుచున్నవి: ఒమేకా, కలెక్షన్‌స్పేస్, కలెక్టివ్‌యాక్సెస్. మూడును మంచివే; కాని మూడును ఒకే పనికి పుట్టినవి కావు.

ఒమేకా 2008లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయమున పుట్టినది. వస్తువుల చిత్రములను, వానిని వర్ణించు మాటలను చక్కగా కూర్చి, ప్రజలకు ఇంటర్నెట్టులో ప్రదర్శనగా చూపుటకు అది మిక్కిలి తగినది. నేర్చుకొనుట సులభము. కాని ఏ వస్తువు ఏ అరలో నున్నది, ఎవరు ఎరువు తీసికొనిరి అను విషయములు దాని ప్రధానవృత్తి కాదు. అది ముంగిట ముగ్గువంటిది. ఇంటిలోని గుమ్మి లెక్క దానికి పట్టదు.

కలెక్షన్‌స్పేస్ అటుల కాదు. వస్తువు వచ్చుట, నమోదగుట, కదలుట, ఎరువు పోవుట, తిరిగివచ్చుట, దాని స్థితిని పరీక్షించుట మున్నగు పనులన్నింటికిని అందు వేరువేరు పత్రములు కలవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫీబీ హర్స్ట్ మానవశాస్త్ర మ్యూజియము వంటి పెద్ద సంస్థలు దానిని వాడుచున్నవి. ఆ శక్తికి తగినట్లే దాని అమరికయు భారమైనది. ఒక్క గదియు, ఒక్క కంప్యూటరును గల మ్యూజియము దానిని మోయలేదు. కాని ఒక జిల్లాలోని పది చిన్న మ్యూజియములు కూడి, ఒకచోట దానిని నిలిపి, అందరును వాడుకొనుటకు మాత్రము అది అనువైనది.

కలెక్టివ్‌యాక్సెస్ ఈ రెండింటికిని నడుమనున్నది. దానిలో ప్రావిడెన్స్ అను భాగము లోపలి లెక్కలకును, పాటకెట్ అను భాగము బయటి ప్రదర్శనకును ఉద్దేశింపబడినవి. స్థలము, కదలిక, ఎరువు అన్నియు వ్రాసికొనవచ్చును. గడుల పేర్లను మనకు కావలసినట్లు ఏర్పరచుకొనవచ్చును; తెరపై కనబడు మాటలను తెలుగులోనికి మార్చుకొనవచ్చును. సాధారణమైన వెబ్‌సైటును అమర్చగల యువకుడు దీనినికూడ అమర్చగలడు. మున్నూరు మొదలు కొన్నివేల వస్తువులుగల గ్రామీణ మ్యూజియమునకు ఇదియే తగినదని మా అభిప్రాయము. ఐనను పేరు చూచి తీసికొనక, పరీక్షించి తీసికొనవలెను. ఆ పరీక్షలు ఎట్లు చేయవలెనో చెప్పెదము.

మొదటిది తెలుగు పరీక్ష. యూనికోడ్ మొదటి కూర్పులో, 1991లోనే, తెలుగు అక్షరములకు స్థానము లభించినది. కావున నేటి సాఫ్ట్‌వేరులన్నింటిలోను తెలుగు కనబడును. కనబడుట వేరు, వెదకిన దొరకుట వేరు. 'ఘన్‌పూర్' అను మాటలో న-కార పొల్లునకును ప-కారమునకును నడుమ, కంటికి కనబడని గుర్తొకటి వేసినగాని పొల్లు విడిగా నిలువదు. అది లేనిచో ప-వత్తుగా మారును. ఒకరు ఆ గుర్తుతోను, మరియొకరు గుర్తు లేకయు ఎక్కించినచో, కంప్యూటరునకు అవి రెండు వేర్వేరు మాటలు. వెదకినప్పుడు సగము వస్తువులు కనబడవు. కనబడనివి లేవని భావింతుము. కావున ఇరువది వస్తువులను తెలుగులో ఎక్కించి, వెదకి, అకారాదిగా పేర్పించి చూడవలెను. పాత అచ్చు ఫాంటులతో కొట్టిన వివరములుండినచో ముందుగా యూనికోడునకు మార్చుకొనవలెను.

రెండవది మాటల పరీక్ష. ఒకే వస్తువును తెలంగాణములో ఇసుర్రాయి అందురు, కోస్తాలో తిరగలి అందురు. ఇచ్చట కందిలి, అచ్చట లాంతరు. ఇచ్చట గుమ్మి, అచ్చట గాదె. ఎక్కించువారు మారినకొలది మాటయు మారును. ఒక మాటను ప్రధానముగా నిలిపి, తక్కినవానిని దాని పర్యాయములుగా చేర్చుటకు సాఫ్ట్‌వేరులో వీలుండవలెను. మన ఊరి మాటనే ప్రధానముగా నుంచుట న్యాయము. ఏలయన ఆ మాటయు మ్యూజియములో దాచదగిన వస్తువే. ఊళ్ళ పేర్లకును ఇదే నియమము. ఘనపూర్ అను పేరునకు గల రూపములన్నియు ఒకచోట చేర్చి, ఏ తేదీ వరకు ఏ జిల్లాయో వ్రాసినచో, మనము మొదట వేసిన ప్రశ్నకు సమాధానము దొరకును.

మూడవది బయటికి వచ్చు ద్వారము. ఎక్కించిన వివరములన్నియు, చిత్రముల పేర్లతో సహా, సామాన్యమైన పట్టిక రూపమున బయటికి తీసి, లిబ్రే ఆఫీసువంటి మరియొకదానిలో తెరచి చూడవలెను. తెలుగు చెదరక, గడి తప్పక వచ్చినచో ఆ సాఫ్ట్‌వేరును నమ్మవచ్చును. లోనికి పోవు దారిని చూచి ఇల్లు కొనువారు కలరు; బయటికి వచ్చు దారినికూడ చూచువారే వివేకులు. ఓపెన్ సోర్సు ఐనను ఈ పరీక్ష తప్పదు. ఎంత మంచి సాఫ్ట్‌వేరైనను ఇరువదేండ్లకు మారిపోవును. వివరములు మాత్రము నూరేండ్లు నిలువవలెను.

నాలుగవది రహస్యపరీక్ష. ఇత్తడి విగ్రహము ఏ బీరువాలో నున్నది, దాని వెల యెంత, ఇచ్చినవారి చిరునామా యేది అను వివరములు లోపలివారికి మాత్రమే కనబడవలెను. ఇంటర్నెట్టులో అందరును చూచు పుటలో అవి వచ్చినచో, మన పట్టికయే దొంగకు దారి చూపును.

ఐదవది విద్యుచ్ఛక్తి పరీక్ష. కరెంటు పోవును, ఇంటర్నెట్టు తెగును. కావున మ్యూజియములోని కంప్యూటరులోనే పని సాగునట్లు అమర్చుకొనుట మేలు. వివరములకు మూడు ప్రతులుండవలెను: ఒకటి ఆ కంప్యూటరులో, రెండవది విడి డిస్కులో, మూడవది మరియొక ఊరిలో. నెలకొకసారి ప్రతి తీయుటయేగాక, ఆ ప్రతిని తెరచి చూచుటయు అలవాటు కావలెను. తాళపుచెవి, అనగా పాస్‌వర్డు, ఒక్కరియొద్దనే ఉండరాదు. ఆ ఒక్కరు ఉద్యోగముపై వేరొక ఊరికి పోయినచో, పట్వారీ పెట్టె కథ మరల మొదలగును.

ఇన్ని చెప్పిన తరువాత, పని ఏ వరుసను సాగవలెనో చెప్పుట ఉచితము. మొదట సాఫ్ట్‌వేరు కాదు, రిజిస్టరు. వచ్చిన ప్రతివస్తువును తేదీతో, ఇచ్చినవారి సంతకముతో వ్రాయవలెను. దానముగా వచ్చినదో, చూపుటకు మాత్రమే ఇచ్చినదో స్పష్టముగా నుండవలెను. తరువాతి తరములో తగవులన్నియు ఇచ్చటనే పుట్టును. నూరేండ్లు దాటిన శిల్పములు, నాణెములు, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల ప్రతులు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చునని గుర్తుంచుకొని, శాఖాధికారుల సలహా పొందవలెను. పిదప నంబరు. 2025.4.2 అని వ్రాసినచో, 2025లో వచ్చిన నాలుగవ దానములో రెండవ వస్తువని అర్థము. ఇంతకంటె తెలివియైన నంబరు అవసరము లేదు. నంబరును వస్తువుపై కనబడని తావున, ముందు పారదర్శకమైన పూత పూసి, దానిపై సిరాతో వ్రాయుదురు. కావలసినప్పుడు వస్తువు చెడకుండ తుడిచివేయుటకు వీలుండుట ముఖ్యము. జిగురుచీటీలు అంటింపరాదు, అవి ఊడినచో నంబరు పోవును, ఊడనిచో మరక నిలుచును.

ఆపైన వర్ణన. దొంగిలింపబడిన వస్తువులను గుర్తించుటకై 1997లో అంతర్జాతీయముగా ఏర్పడిన ఆబ్జెక్ట్ ఐడి అను పద్ధతిలో తొమ్మిది విషయములు మాత్రమే కలవు: వస్తువు ఏ జాతిది, దేనితో ఎట్లు చేసినది, కొలతలు, దానిపైనున్న వ్రాతలు గుర్తులు, ప్రత్యేక చిహ్నములు, పేరు, అందు చిత్రింపబడిన విషయము, కాలము, చేసినవారు. దీనికి తోడు ఛాయాచిత్రములు. మానిక అంచున నొక్కు, డోలుపై అతుకు, శిల్పపు విరిగిన వ్రేలు, ఇట్టి లోపములే వస్తువునకు నిజమైన ఆనవాళ్ళు. వానిని దాచక దగ్గరగా చిత్రము తీయవలెను; ప్రక్కన కొలబద్ద నుంచవలెను. ఈ తొమ్మిదింటికి మన ఊళ్ళలో పదవ గడి చేర్చవలెనని మా మనవి: ఈ వస్తువునుగూర్చి ఎవరు ఏమి చెప్పిరి, ఏనాడు చెప్పిరి.

మొదటి నూరు వస్తువులను ఇట్లు వ్రాసి, సామాన్యమైన పట్టికలో ఎక్కించిన తరువాతనే సాఫ్ట్‌వేరు ఎన్నుకొనుట మంచిది. అప్పటికి మనకు ఏ గడులు కావలెనో, ఏవి వట్టి అలంకారములో అనుభవము చెప్పును. గడులు ఎన్ని ఎక్కువయైన అంత గొప్పయని తలపరాదు. నిండని నలువది గడులకంటె నిండిన పది గడులు మేలు. ఏడాదికొకసారి పట్టిక చేతబట్టి, అరలన్నియు చూచి, ప్రతివస్తువు చెప్పినచోట నున్నదా యని సరిచూచుకొనవలెను. ఈ తనిఖీ జరుగని మ్యూజియమునకు ఎంతటి సాఫ్ట్‌వేరున్నను లేనట్టే.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము వెలసిననాడు, పుస్తకములు కొన్నియే, వసతులు తక్కువ, అడ్డంకులెక్కువ. ఐనను పుస్తకమును చేర్చి, పేరు వ్రాసి, అడిగినవారికి అందించు అలవాటును ఈ ప్రాంతమువారు నిలుపుకొనిరి. మ్యూజియమునకు కావలసినది ఆ అలవాటే. రామప్పవంటి మహాక్షేత్రములను కాచుటకు ప్రభుత్వములును, ప్రపంచ సంస్థలును కలవు. ఇంటి ఇసుర్రాయిని, దానిని త్రిప్పిన అవ్వ పేరును కాచుటకు ఆ ఊరివారు తప్ప వేరెవరును లేరు. అవ్వ ఉండగానే అడిగి వ్రాసికొనుట మొదటి పని. ఆ వ్రాతను తెరచిన పెట్టెలో, అందరి భాషలో, మూడు ప్రతులలో దాచుట రెండవ పని. రెండవదానికి సాఫ్ట్‌వేరు తోడ్పడును. మొదటిదానిని మాత్రము ఆలస్యము చేయక మనమే చేయవలెను.